డీపీడీ (ఆంప్లిఫైయర్ తెచ్చే వంకరని సాఫ్ట్‌వేర్ ముందే ఎదురు దిద్దడం) ఆన్ చేసినా స్ప్లాటర్ (పక్క ఫ్రీక్వెన్సీల మీదకి చిందే గరగర) పూర్తిగా పోవడం లేదు, ఎక్కడ చూడాలి?

ప్రశ్న (ఓడలరేవు నుంచి):
నమస్కారమండి. హెర్మెస్ లైట్ 2 (కంప్యూటర్‌తో నడిచే చిన్న హ్యామ్ రేడియో) వెనక నేనే కట్టుకున్న 100 వాట్ల మాస్‌ఫెట్ లీనియర్ (పవర్ పెంచే ఆంప్లిఫైయర్) పెట్టి 40 మీటర్ల బ్యాండులో మాట్లాడుతున్నాను. 3 కిలోహెర్ట్జ్ అవతల కూడా గరగర వినిపిస్తోందని భీమవరం మిత్రుడు చెప్పారు. మనకున్నదే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా, అందులో పక్కవాళ్లకి అడ్డం పడుతున్నానంటే మనసొప్పలేదు. అవుట్‌పుట్ నుంచి శాంపిల్ వెనక్కి తెచ్చి ప్యూర్‌సిగ్నల్ (సాఫ్ట్‌వేర్‌లోని డీపీడీ) ఆన్ చేశాను. 700, 1900 హెర్ట్జ్ టూ-టోన్‌తో (రెండు స్వరాలు కలిపి పంపే పరీక్షతో) చూస్తే మూడో ఆర్డర్ స్పైకులు (వంకర వల్ల ఆ రెండు స్వరాలకి అటూ ఇటూ పుట్టే నకిలీ స్వరాలు) -28 డీబీ నుంచి -36కి దిగి అక్కడే ఆగిపోయాయి. ఏం చేసినా కదలవు.

జవాబు 1 (కాకినాడ):
ముందు ఫీడ్‌బ్యాక్ లెవెల్ చూడండి. శాంపిల్ ఎక్కువై రిసీవర్ ముందు భాగం నిండిపోతే, ఆ వంకర కూడా ఆంప్లిఫైయర్‌దే అనుకుని సాఫ్ట్‌వేర్ సవరిస్తుంది. ఇంకో 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించేది) వేసి చూడండి. డ్రైవ్ కూడా తగ్గించండి, లీనియర్ పూర్తిగా సాచురేట్ అయ్యాక ఏ డీపీడీ అయినా లేని పవర్ తేలేదు.

జవాబు 2 (పాలకొల్లు):
సవరణ ఆపేసి చూడండి బాబూ, రెండు పక్కలా స్పైకుల ఎత్తు సమానంగా ఉందా? తేడా ఉంటే అది మెమరీ. ఈ క్షణం సిగ్నల్ ఎంత ఉందో చూసి దిద్దే పద్ధతికి, ఒక క్షణం ముందు జరిగినదాని ప్రభావం అందదు. టూ-టోన్‌లో మీ లీనియర్ లాగే కరెంటు సెకనుకు 1200 సార్లు ఊగుతుంది, సప్లై గట్టిగా లేకపోతే వోల్టేజీ కూడా దాని వెనకే ఊగుతుంది, కెపాసిటర్ల వల్ల కాస్త ఆలస్యంగా. 20 ఆంపియర్లకి 0.05 ఓం చాలు, 1 వోల్టు పోతుంది. మీటరు సప్లై దగ్గర కాదు, డ్రెయిన్ (మాస్‌ఫెట్‌కి కరెంటు అందే కాలు) దగ్గర పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అటెన్యుయేటర్ మార్చినా తేడా రాలేదు. సవరణ ఆపితే రెండు పక్కలకీ 5 డీబీ తేడా ఉందండి! సప్లై దగ్గర 13.8 కదలడం లేదు, డ్రెయిన్ దగ్గర 12.6కి పడుతోంది. ఫ్యూజు హోల్డర్ విప్పితే లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) కింద పచ్చటి చిలుం, గోటితో గీకితే పొడి రాలింది. సముద్రం పక్క ఇల్లు, ఉప్పుగాలి. లగ్గులు మార్చి, లావు వైరు వేసి, డ్రెయిన్ చోక్ పక్కనే పెద్ద కెపాసిటర్ పెట్టాను. ఇప్పుడు రెండు పక్కలూ దాదాపు సమానం, డీపీడీతో -47. ఈ రాత్రికి భీమవరం మిత్రుణ్ణి వినమన్నాను. మీ ఇద్దరికీ 73 (హ్యామ్‌ల శుభాకాంక్షలు).