కల్వకుర్తి పక్క ఊళ్లో పాడుబడ్డ పెరడు: జేసీబీ పెట్టాలా, మనుషులతో తీయించాలా?

పాలమూరు బిడ్డ:
మాది కల్వకుర్తి దగ్గర పల్లె. అమ్మ పోయినప్పటి నుంచి ఇంటికి తాళమే. వెనక పెరడు నాలుగు గుంటల దాకా ఉంటుంది. సగం సర్కారు తుమ్మ, సగం వయ్యారిభామ. మధ్యలో అమ్మ పెట్టిన సీతాఫలం చెట్లు, గోడవారన ఒక వేప ఉన్నాయి గానీ వాటి దాకా పోయే దారే లేదు. జేసీబీ ఆయన ఒక్క పూటలో చదును చేసిస్తా అంటున్నాడు. మా మేనమామ వద్దంటున్నాడు. వానలు ముదరకముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

చెల్క రైతు:
జేసీబీ వద్దు తమ్మీ. మన దిక్కు ఎర్ర చెల్క. పైమట్టి జానెడు ఉంటే గొప్ప, దాని కింద మొరమే. బకెట్ ఒక్కసారి గీకిందంటే ఆ జానెడు కంపతో కలిసి కుప్పలోకి పోతుంది. తర్వాత నువ్వు వంకాయ నారు పెట్టినా పట్టదు. వయ్యారిభామ మాత్రం మొరంలోనూ మొలుస్తుంది. బోసినేల కనపడితే ముందు వచ్చేది అదే. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది.

దాన్ని పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డప్పుడు వేరుతో సహా పీకించు. పీకేవాళ్లకు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ ఉండాలి. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు, కొందరికి ఆయాసం కూడా వస్తుంది. పూత రానిదాన్ని గుంతలో పేడతో కలిపి మురగబెడితే మంచి ఎరువు.

సర్కారు తుమ్మ సంగతి వేరు. నేల మట్టానికి కొడితే మోడు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వి, చిగురు పుట్టే ఆ మెడ భాగం మొత్తం తీసేయాలి. బొగ్గు బట్టీల వాళ్లు ఊరికే కొట్టుకుపోతామని వస్తారు. వాళ్లకు కట్టె కావాలి, మోడుతో పనిలేదు. మోడు తవ్వుతామంటేనే ఒప్పుకో.

పక్కింటి మనిషి:
ఇవన్నీ తీరిక ఉన్నవాళ్ల మాటలు. మా ఇంటి పక్క జాగ కూడా ఇట్లాంటిదే. ఆసాములు హైదరాబాద్‌లో ఉంటారు. పోయిన వానాకాలం ఆ కంపలోంచి రక్తపింజర వచ్చి మా దూడను కరిచింది, దూడ చచ్చింది. మా చిన్నపాప బడికి ఆ గోడ పక్క నుంచే పోవాలి. జేసీబీ పెట్టండి, ఒక్క రోజులో అయిపోవాలి.

గడ్డపార:
వయ్యారిభామకు ఉప్పు నీళ్లు కొడితే మాడిపోతుంది. మా దగ్గర రోడ్డు పక్కన అట్లనే చేశారు.

చెల్క రైతు:
రోడ్డు పక్కన నువ్వు ఏమీ పండించవు కాబట్టి సరిపోయింది. మాడాలంటే లీటరుకు 200 గ్రాముల దాకా ఉప్పు కలపాలి. పెరట్లో అదంతా మట్టిలోనే ఉండిపోతుంది. సీతాఫలం వేర్లు కూడా అక్కడే ఉన్నాయి కదా.

నల్లగొండ మాస్టారు:
రెండు సంగతులు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టమని ఎవరైనా చెబుతారు. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. ఇక ఆ వేపను కొట్టాలనుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. జేసీబీ ఆయన అడగడు, మీరే చూసుకోవాలి.

జడ్చర్ల అక్క:
పెరట్లో చేదబావి గానీ పాత పాతర గానీ ఉందా? మా అత్తగారింట్లో ధాన్యం పాతర మీద కంప కమ్ముకుని ఎవరికీ కనపడలేదు. ట్రాక్టర్ ముందు చక్రం అందులో దిగబడింది. మనిషికి ఏమీ కాలేదు, దేవుడి దయ. ముందు పెద్దవాళ్లను అడగండి. ఇంకొకటి, లోపల గునుగు, తంగేడు ఉంటే బతుకమ్మ దాకా ఉంచండి. ఇప్పుడు పువ్వు కోసం ఆడపిల్లలు ఎంత దూరం పోతున్నారో చూస్తూనే ఉన్నాం.

పాలమూరు బిడ్డ:
అక్కా, బావి ఉంది. పూడ్చారో లేదో మామను అడుగుతా. ఇది నాకు తట్టనే లేదు.

పక్కింటి మనిషి:
జేసీబీ మోడును వేరుతో సహా పీకుతుంది. తవ్వే బాధే ఉండదు.

చెల్క రైతు:
చిన్నవాటిని పీకుతుంది. ముదిరినవాటిని లాగితే పైన విరుగుతుంది, మెడ నేలలోనే ఉంటుంది. 2019లో సర్కారు ఊళ్లు బాగుచేసే పల్లె ప్రగతి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఊరూరా కంపలు తీయించారు. మా ఊళ్లో మోడు తవ్విన చోట మళ్లీ లేవలేదు, విరిగిన చోట లేచింది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

పక్కింటి మనిషి:
మా ఊళ్లో జేసీబీ పెట్టిన చోట లేవలేదు.

చెల్క రైతు:
పెట్టి ఎన్నాళ్లయింది? రెండు వానాకాలాలు పోనీ, అప్పుడు మాట్లాడదాం.

పక్కింటి మనిషి:
మోడు, మోడు, మోడు! దూడ చచ్చిందని చెప్పా, ఒక్కరూ పట్టించుకోలేదు. మొరం పైకి వస్తుందన్న బాధ ఉంది గానీ, గోడకు ఇవతల బతికే మనిషి గురించి బాధ లేదు. ఊరు విడిచి పోయినవాళ్లకు పెరడు ఒక జ్ఞాపకం. మాకు అది రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని పోయే దారి.

పాలమూరు బిడ్డ:
అన్నా, ఈ మాట పడను. మేం సరదాకు పోలేదు. మా నాన్న మట్టి పనికి పోయాడు. ఏ ఊళ్లో ఆనకట్ట కడితే ఆ ఊళ్లో గుడిసె. పాలమూరు లేబర్ అని పిలిచారు గానీ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అమ్మ ఒక్కతే ఉండి ఆ చెట్లకు బిందెలతో నీళ్లు పోసింది. ఆ పెరడు పాడుపడాలని మేం కోరుకున్నామా?

పక్కింటి మనిషి:
పోయినందుకు తప్పుపట్టట్లేదు తమ్మీ. మా అన్న కూడా పుణెలో ఉన్నాడు. నా బాధ వేరు. మా పక్క ఆసామి ఊళ్లో ఎవరికీ తాళంచెవి ఇవ్వలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. నేనే లోపలికి పోయి కంప కొడతానంటే, జాగ ఆక్రమిస్తున్నానని కేసు పెడతానన్నాడు. చెల్క రైతు చెప్పిన పని మంచిదే కావచ్చు. కానీ దానికి మనిషి ప్రతి వానాకాలం రావాలి. పీకింది మళ్లీ మొలుస్తుంది, మళ్లీ పీకాలి. మీరు రెండోసారి రారు. అందుకే జేసీబీ అంటున్నా. వచ్చిన ఆ ఒక్క రోజులోనే ఎంత తీయగలిగితే అంత తీయించుకోవడానికి.

జడ్చర్ల అక్క:
ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది.

చెల్క రైతు:
జేసీబీ పెట్టినా మరుసటి ఏడు రాకపోతే అదే కంప, అదే పాము. వచ్చే మనిషి లేకుంటే ఏ పద్ధతీ నిలవదు. ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ జాగ వాడుకోనివ్వు తమ్మీ. పక్కవాళ్లకు బర్రెలుంటే పచ్చగడ్డి వేసుకుంటారు, కూరగాయలు పెట్టుకుంటారు. వాళ్ల చెయ్యి రోజూ పడుతుంటే తుమ్మ ఎక్కడ లేస్తుంది? సీతాఫలాలు నీవి, మిగతాది వాళ్లది.

గడ్డపార:
ఇస్తే పన్నెండేళ్లకు జాగ వాళ్లదే అవుతుంది. జాగ్రత్త.

నల్లగొండ మాస్టారు:
కాదు. యజమానికి వ్యతిరేకంగా, తనదే అన్నట్టు పన్నెండేళ్లు ఉంటేనే ఆ వాదన వస్తుంది. యజమాని అనుమతితో వాడుకుంటే ఎన్నేళ్లయినా అది హక్కు కాదు. ఒక కాగితం మీద అనుమతి రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఏటా కొత్తగా రాసుకోండి. ఈ భయంతోనే మా మండలంలో ఎన్నో పెరళ్లు కంపల పాలయ్యాయి. చూస్తుంటే కడుపు మండుతుంది.

పాలమూరు బిడ్డ:
మా పక్కన మల్లమ్మ పెద్దమ్మ వాళ్లుంటారు. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు వాళ్లే చూసుకున్నారు. ఈ ఆదివారం పోతా. బావి సంగతి చూసి, వాళ్లు వాడుకుంటామంటే తాళంచెవి ఇచ్చి వస్తా. జేసీబీ ఆయనకు ఇప్పుడే వద్దని చెప్పా.

పక్కింటి మనిషి:
ముందు వాళ్ల గోడ పక్కన ఐదారు అడుగుల మేర తీయించు. మిగతాది తర్వాత. రాళ్ల కుప్పలో చేతులు పెట్టనీయకు, కర్రతో కదిలించాకే ముట్టుకోవాలి. కంపకు నిప్పు పెట్టొద్దు. పాములు వాళ్ల ఇంట్లోకే ఉరుకుతాయి.

చెల్క రైతు:
ఆ ఐదారు అడుగుల్లో కూడా మోడు తవ్వించాలి. కొట్టి వదిలేయకు.