మంచి శుక్రవారం ప్రసంగంలో సిలువ పట్ల కృతజ్ఞతను ఎలా చెప్పాలి?

ప్రశ్న (సంఘ సభ్యురాలు, తెనాలి)

అందరికీ వందనాలు. మా సంఘంలో మంచి శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు జరిగే ఆరాధనలో, సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు ధ్యానించడం ఆనవాయితీ. ఈసారి అయ్యగారు మొదటి మాటను, అంటే "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అన్నదానిని నాకు అప్పగించారు. నేను విన్న ప్రసంగాల్లో చాలావరకు కొరడా దెబ్బలను, మేకులను, ముళ్ల కిరీటాన్ని ఒక్కొక్కటిగా వర్ణించి వినేవారిచేత కన్నీరు పెట్టించేవే. ఆ కన్నీరు అబద్ధమని అనను గానీ, నా మనసులో ఉన్నది జాలికంటే ఎక్కువగా కృతజ్ఞత. నాకు కలిగిన మేలును పదిమందిలో ఆర్భాటం లేకుండా చెప్పడం ఎలా?

జవాబు 1

సిస్టర్, సువార్తలు నలుగురు రాసినా, సిలువ వేసిన ఘట్టాన్ని ఎవరూ సాగదీయలేదు. మార్కు అయితే "సిలువవేసి" అని ఒక్క మాటతో ముగించి, సైనికులు చీట్లు వేసి వస్త్రాలు పంచుకున్న సంగతికి వెళ్లిపోతాడు. మీకు వచ్చిన మాటను లూకా ఒక్కడే రాశాడు, అదీ సరిగ్గా ఆ చీట్ల పక్కనే. అక్కడ క్షమాపణ అడిగినవారు ఎవరూ లేరు. అడగకముందే, పని ఇంకా జరుగుతుండగానే, వారి కోసం ప్రార్థన వెళ్లింది. నా కృతజ్ఞత అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే నేను పశ్చాత్తాపపడిన తరువాత ప్రేమించడం మొదలుపెట్టిన దేవుణ్ణి కాదు నేను ఎరిగింది. పౌలు గలతీయులకు రాస్తూ "నన్ను ప్రేమించి, నాకొరకు" అంటాడు. సంఘాలను హింసించిన మనిషి రాసిన మాట కనుకనే దానికి అంత బరువు.

జవాబు 2 (ఒంగోలు)

సిలువ నొప్పికి గుర్తు మాత్రమే కాదు, అవమానానికి కూడా. రోమీయులు దానిని ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు ఉంచారు; స్పార్టకస్ తిరుగుబాటు అణగిన క్రీ.పూ. 71లో కపువా నుంచి రోము వరకు దారి పొడుగునా దాదాపు 6,000 మందిని అలా వ్రేలాడదీశారు. యేసు "గవిని వెలుపట", అంటే పట్టణ ద్వారానికి బయట, శ్రమపొందాడని హెబ్రీ పత్రిక అంటుంది. మా పూర్వికులు ఊరి వెలుపల ఉంచబడినవారు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని బాప్తిస్మాలను మాత్రం ఆపి ఉంచారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. దేవుడు తమ వాడకు వచ్చాడని కాదు, అసలు చనిపోయిందే అలాంటి చోట అని విన్నప్పుడు వారికి ఎలా ఉండి ఉంటుందో నేను తరచు ఆలోచిస్తాను. మీ ప్రసంగంలో ఈ "వెలుపట" అన్న సంగతికి ఒక్క నిమిషం ఇవ్వండి.

జవాబు 3

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట చెబుతాను. గాయాలను పూర్తిగా విడిచిపెట్టకండి. నేను ఆసుపత్రిలో పరిచర్య చేస్తాను. రాత్రంతా నొప్పితో మూలిగిన మనిషి దగ్గర పాపక్షమాపణ సిద్ధాంతాన్ని వివరించబోతే వినరు. "దప్పిగొనుచున్నాను" అని ఆయన కూడా అన్నాడని చదివితే చేయి పట్టుకుంటారు. ఆ దాహం ఐదవ మాటలోది, మీ వంతు కాదనుకోండి. అయినా క్షమించమని అడిగిన నోరు ఎండిపోయిన నోరని ఒక్క వాక్యంలో గుర్తు చేస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ వందనాలు. చీట్లు వేసిన సైనికులతో మొదలుపెడతాను. మా కుటుంబంలో ఏళ్ల తరబడి మాటలు లేని ఒకరు ఆ రోజు అదే గుడిలో, బహుశా నా ఎదుటి వరుసలోనే కూర్చుంటారు. నన్ను ప్రభువు క్షమించాడని చెబుతూ వారి ముఖం చూడకుండా ఉండలేను కనుక, ఆరాధనకు ముందే వారింటికి వెళ్లి రావాలనుకుంటున్నాను. పది నిమిషాలే ఇచ్చారు, మిగతా సంగతులు రాసుకున్నాక ఇక్కడ పెడతాను.