‘కళ్ళకు కట్టినట్టు’ అనే మాట బొమ్మకు వాడొచ్చా?

ప్రశ్న: అమెరికా చిత్రకారుడు థామస్ మోరాన్ నీటిరంగుల బొమ్మల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ‘1871లో హేడెన్ నడిపిన ప్రభుత్వ సర్వే బృందంతో వెళ్ళి అమెరికా పడమటి భాగంలోని ఎల్లోస్టోన్‌ను కళ్ళకు కట్టినట్టు చిత్రించాడు’ అని రాస్తే, మా మాస్టారు ఆ మాట కొట్టేశారు. బొమ్మే ఎదురుగా ఉంటే ఇంక కళ్ళకు కట్టేదేముంది, అది కథ చెప్పేవాళ్ళకు వాడే మాట అన్నారు. నిజమేనా?

జవాబు: ఎక్కువగా వర్ణనకే వాడతాం, ఆ మాట నిజం. కొట్టేయాల్సినంత తప్పు మాత్రం కాదండీ. ఇక్కడ కళ్ళకు కట్టింది బొమ్మను కాదు, ఆ చోటును. మరిగే బురద, ఎగజిమ్మే వేణ్ణీళ్ళ గురించి వేటగాళ్ళు చెబితే అంతకుముందు చాలామంది కోతలని కొట్టిపారేశారు. అదే బృందంలో విలియం హెన్రీ జాక్సన్ ఫోటోలు తీశాడు కానీ అవి నలుపు తెలుపువి. వేడినీటి బుగ్గ నడిమి నీలం, దాని అంచున పసుపు, తుప్పురంగు మోరాన్ కాగితాల మీదే కనబడ్డాయి. ఫోటోలూ బొమ్మలూ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుల ముందుకు వెళ్ళాయి. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు అయింది.

ప్రశ్న: పోనీ, ‘ఉన్నది ఉన్నట్టు గీశాడు’ అనేస్తే? ఏ గొడవా ఉండదు.

జవాబు: అయ్యో, అసలు గొడవంతా దానితోనే! ప్రకృతిని ఉన్నదున్నట్టు దించడానికి తాను విలువ ఇవ్వనని మోరానే చెప్పుకున్నాడు. అక్కడికక్కడ పెన్సిల్ గీతలు, వాటి మీద పలచటి రంగు పూతలు, పక్కన రంగుల పేర్లు రాసుకోవడం. పూర్తి బొమ్మలు ఇంటికెళ్ళాక స్టూడియోలో. కాంగ్రెస్ 10,000 డాలర్లిచ్చి కొన్న పెద్ద తైలవర్ణ చిత్రంలోనైతే ఎల్లోస్టోన్ లోయలోని భాగాల వరస, వాటి మధ్య ఎడం తనకు కావలసినట్టు మార్చుకున్నాడు. రాళ్ళను మాత్రం భూగర్భ శాస్త్రవేత్త చూసి గుర్తుపట్టేలా వేశాడు. కాబట్టి కళ్ళకు కట్టాడు అనండి, ఉన్నదున్నట్టు వేశాడు అనకండి. ఈ రెండూ ఒకటేనన్నట్టు పత్రికల్లో వాడేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకొకరి జవాబు: 1876లో లూయీ ప్రాంగ్ అనే ముద్రాపకుడు మోరాన్ నీటిరంగుల బొమ్మలు 15 తీసుకుని రంగుల లితోగ్రాఫులు (రాతి పలకల మీంచి తీసే అచ్చులు) వేశాడు. వాటి గురించి రాసేటప్పుడు ‘అచ్చు గుద్దినట్టు’ వాడుకోండి, మాస్టారు కూడా కాదనలేరు.