విరేచనాలు తగ్గి ఏడు నెలలైనా కడుపు కుదుటపడలేదు, ఎవరికైనా ఇలా అయిందా?

అందరికీ నమస్కారం. ఒక పెళ్లి భోజనం తర్వాత నాలుగు రోజులు జ్వరం, విరేచనాలు. సెలైన్ ఎక్కించాక తగ్గాయి. అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది. పొద్దున మూడు ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కునేలోపే బాత్రూమ్‌కి పరిగెత్తాలి. మరో వారం మూడు రోజులైనా విరేచనం కాదు, సాయంత్రానికి పొట్ట డప్పులా ఉబ్బిపోతుంది. బస్సెక్కాలంటేనే టెన్షన్.

కొలనోస్కోపీ, థైరాయిడ్ అన్నీ నార్మల్. రక్తం పడటం, బరువు తగ్గడం లేవు. ఒక డాక్టర్ "ఎక్కువ ఆలోచించకండి" అని పంపేశారు. (ఆలోచించకుండా ఎలా ఉంటాం?) రెండో ఆయన మాత్రం ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనపడకపోయినా పేగుల పనితీరు సరిగ్గా లేక వచ్చే బాధ) అన్నారు. క్రిములు పోయినా పేగు నరాలు, కండరాల తీరు మారిపోవచ్చట. 2000లో కెనడాలోని వాకర్టన్ ఊళ్లో తాగునీరు కలుషితమై జబ్బుపడినవాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి ఇదే బాధ ఉందని చదివాను. పేగుల్లో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు పెరిగితే కదలిక నెమ్మదిస్తుందనీ ఉంది. నాకు మలబద్ధకం అందుకేనా?

బ్రెత్ టెస్ట్ (ఊపిరిలో మీథేన్ లాంటి వాయువులు చూసే పరీక్ష) చేయించుకున్నవాళ్లు ఉన్నారా? విజయవాడలో చేస్తారా, హైదరాబాద్ వెళ్లాలా? రిఫాక్సిమిన్ (పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్) కోర్సు వాడితే ఎన్నాళ్లు ఉపశమనం ఉంది? అమ్మ రోజూ మెంతులు వేసిన మజ్జిగ ఇస్తోంది, తాగిన గంటకే గుడగుడలు. మానేస్తే అమ్మకి కోపం. మీలో ఎవరికైనా పెరుగు, మజ్జిగ పడ్డాయా?