స్టార్ట్ ట్రయాజ్: కార్డుల మీద కరెక్ట్, డ్రిల్‌లో అందరికీ ఎరుపే

పారామెడిక్ విద్యార్థులకు స్టార్ట్ పద్ధతి నేర్పుతున్నాం. అంటే ఒకేసారి చాలామంది గాయపడినప్పుడు శ్వాస, నాడి, స్పృహ చూసి ఎవరికి ముందు చికిత్స అవసరమో రంగు ట్యాగ్‌తో విడదీయడం (ట్రయాజ్): ఎరుపు అంటే వెంటనే, పసుపు అంటే కాస్త ఆగొచ్చు. బాధితుల వివరాలు రాసిన పేపర్ కార్డులిస్తే దాదాపు అందరూ సరైన రంగే చెబుతారు. 20 మంది నటులతో డ్రిల్ పెడితే మాత్రం పసుపు పడాల్సినవాళ్లకు ఎరుపు ట్యాగ్ పడుతోంది.

ఉదాహరణకు ఒక నటుడికి తొడ మీద పెద్ద గాయం మేకప్. శ్వాస నిమిషానికి 24, మణికట్టు దగ్గర నాడి అందుతోంది, చెప్పిన మాట వింటున్నాడు. అయినా ఎరుపే! శ్వాస 30 దాటలేదు కదా అంటే "రక్తం చాలా ఉంది సార్" అంటారు. గాయం మీద ఒత్తిడి పెట్టించి ముందుకు కదలాలి. వీళ్లు అక్కడే కూర్చుని కట్టు కడుతున్నారు.

స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కొక్కరికి 30 సెకన్లు అన్నాం. వేగం పెరిగింది గానీ నాడి చూడటం మానేశారు. మేకప్ తీసేస్తే తప్పులు తగ్గాయి, మళ్లీ పెట్టగానే మొదటికొచ్చింది. శ్వాస, నాడి, స్పృహ అని వరుసగా పైకి చెప్పించాం. మొదటి ఐదారుగురి వరకే నిలిచింది. నటులు నాడి ఆపుకోలేరు కాబట్టి ఆ విలువ కార్డు మీద ఉంటుంది, మణికట్టు పట్టుకున్నాకే చూపిస్తారు. అందులో ఇబ్బంది లేదు.

నిజంగా ఎరుపు కావాల్సినవాళ్లు జారిపోకుండా ఈ అతి ఎరుపు తగ్గాలంటే, గాయాల మేకప్‌ను డ్రిల్ డ్రిల్‌కీ ఏ క్రమంలో పెంచుతూ పోవాలి?