కుడి మణికట్టు డి క్వెర్వేన్: పియానో టీచర్లు మళ్ళీ వాయించడం ఎలా మొదలుపెట్టాలి?

తెల్లమెట్లు
కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. డాక్టరు డి క్వెర్వేన్ అన్నారు, అంటే బొటనవేలి స్నాయువుల తొడుగు వాపు. చెయ్యి కదలకుండా స్ప్లింట్ వేశారు. వచ్చే నెల తీస్తారు. తీశాక రోజుకి ఎంతసేపు వాయించాలి? అందాకా పాఠాలు ఎలా చెప్పాలి? ఎడమ చేతికి ఏ రచనలు బాగుంటాయి? స్పాంజి బంతి నొక్కితే మంచిదేనా?

షోపాన్ పిచ్చి
ఆర్కెస్ట్రాతో ఎడమ చెయ్యి ఒక్కటే వాయించే రావెల్ కన్చెర్టో ఉండగా ఇంకేం కావాలండీ! యుద్ధంలో కుడి చెయ్యి పోయిన పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం రాసింది. 1932లో వియన్నాలో ఆయనే తొలిసారి వాయించారు. అది బరువనుకుంటే స్క్రియాబిన్ ఓపస్ 9, అంటే తొమ్మిదో నంబరు రచన, ఎడమ చేతికి రాసిన ప్రెల్యూడ్, నాక్టర్న్. బాఖ్ వయొలిన్‌కి రాసిన షాకోన్‌ని బ్రామ్స్ ఎడమ చేతికి మార్చింది కూడా ఉంది, 1877లో. పియానిస్టు క్లారా షూమన్‌కి పంపితే, సరిగ్గా అప్పుడే ఆవిడ కుడి చేతి స్నాయువు పట్టేసి ఉంది.

ఫిజియో సత్య
బంతి వద్దు. పిడికిలి బిగిస్తే బొటనవేలిని బయటికి లాగే రెండు స్నాయువులూ పని చేస్తాయి. ఇప్పుడు మందమై వాటిని నొక్కుతున్న తొడుగులోనే మళ్ళీ రాపిడి. నొప్పి తగ్గాక, ఫిజియో సరేనన్నాక, బొటనవేలిని రెండో చేతికి ఆనించి కదలకుండా పది సెకన్లు నెట్టండి, అయిదు సార్లు చాలు. రబ్బరు బ్యాండు ఆ తరవాతే. బొటనవేలు పిడికిట్లో పెట్టి చిటికెనవేలి వైపు వంచే పరీక్ష రోజూ చేసుకోకండి, అదే పుండు రేపుతుంది.

ఎడమచేయి
షోపాన్ పిచ్చి గారూ, ఆ సలహా ప్రమాదం. ఒంటి చేతి రచనల్లో రాగం ఎక్కువగా ఎడమ బొటనవేలి మీదే నడుస్తుంది, మిగతా వేళ్ళు కింద బేస్‌కి, అంటే మంద్ర స్వరాలకి, దూకుతుంటాయి. స్క్రియాబిన్ నాక్టర్న్ తెరిచి చూడండి. కుడివైపు వచ్చిన జబ్బే ఎడమవైపూ తెచ్చుకోమంటున్నారా? బెరెన్స్ ఓపస్ 89 ఎడమ చేతి అభ్యాసాలు తీసుకోండి, పది నిమిషాలకోసారి ఆపండి. సి.పి.ఇ. బాఖ్ ‘ఏ మేజర్’ (A major) స్కేల్‌లో ఒక చేతికి రాసిన చిన్న ముక్క కూడా హాయి, ఒకే వరస స్వరాలు.

షోపాన్ పిచ్చి
భయపెట్టకండి. కుడి చెయ్యి పనిచెయ్యని పియానిస్టు లియోన్ ఫ్లైషర్ ఏళ్ళ తరబడి ఎడమ చేతి రచనలే వాయించారు, ఎడమ చేతికి ఏమీ కాలేదు. కుడి చెయ్యి కూడా తిరిగొచ్చింది.

ఫిజియో సత్య
ఆయనది ఫోకల్ డిస్టోనియా, మెదడు నుంచి వేళ్ళకి వెళ్ళే ఆజ్ఞలు తప్పడం. 1990లలో బొటాక్స్ ఇచ్చాక రెండు చేతులా వాయించారు. తొడుగు వాపుకీ దానికీ సంబంధం లేదు. ఆ పోలిక పెట్టి జనాన్ని తప్పుదోవ పట్టించొద్దు.

విశాఖ ట్యూనర్
అందరూ చేతినే అంటున్నారు, వాద్యం సంగతి ఎవరూ అడగరే? కుడి పెడల్ తొక్కి ఉంచి, కీ కొస నుంచి 13 మిల్లీమీటర్ల లోపల గ్రాముల బరువులు పెట్టండి. మధ్య సప్తకంలో 48 నుంచి 52 గ్రాములకి కీ నెమ్మదిగా దిగాలి, 20 పైన పెట్టినా తిరిగి లేవాలి. దిగే బరువులోంచి లేచే బరువు తీసి సగం చేస్తే రాపిడి తెలుస్తుంది. 50, 22 అయితే 14, బాగున్నట్టే. సముద్రపు తేమకి, లోపలి భాగాలు తిరిగే పిన్నుల చుట్టూ ఉన్న ఫెల్ట్ (ఉన్ని గుడ్డ) ఉబ్బితే దిగే బరువు 65 దాటిపోతుంది. గంటసేపు వాయించినవాళ్ళకి ఆ తేడా చేతికి తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ పని ఇది, పుస్తకంలో చదివి చెప్పట్లేదు.

ఎడమచేయి
బరువు సరే, వెడల్పు మాటేమిటి? మామూలు సప్తకం 165 మిల్లీమీటర్లు. చిన్న చేతులకి సప్తకం 140 మిల్లీమీటర్లే ఉండే కీబోర్డులు ఉన్నాయి. చాచిన బొటనవేలే అసలు సమస్య.

విశాఖ ట్యూనర్
అవి మన దేశంలో ఏ దుకాణంలో దొరుకుతాయి? దొరికే సలహా చెప్పండి.

ఎడమచేయి
దొరక్కపోతే సప్తకం రెండు కొసలూ ఒకేసారి నొక్కకుండా, విడగొట్టి వాయించమని చెప్పడం కూడా సలహానే. మీరు తెచ్చిన గ్రాముల లెక్క స్ప్లింట్‌లో ఉన్న చేతికి ఇప్పుడు ఎందుకండీ?

గ్రేడ్ ఎనిమిది
గొడవ ఆపండి, ఆవిడ అడిగింది పాఠాల గురించి. ఎడమ చేత్తో బేస్ వాయిస్తూ పై వరస నోటితో పాడండి. వేళ్ళ నంబర్లు పెన్సిల్‌తో పిల్లలచేతే రాయించండి. కుర్చీ ఎత్తు: మోచేయి కీస్‌తో సమానంగా, లేదా కాస్త పైన. పిల్లవాడి చెయ్యి పట్టుకుని సరిచెయ్యకండి, ఆ పట్టు మీ బొటనవేలికి వాయించడంకన్నా చెడ్డది.

ఫిజియో సత్య
తీశాక మొదటి వారం అయిదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. అయిదు వేళ్ళ కింద ఉన్న స్వరాలే, మెల్లగా, మెత్తగా. మర్నాడు పొద్దున నొప్పి పెరగకపోతేనే రెండ్రోజులకోసారి రెండు నిమిషాలు పెంచండి. బొటనవేలు కిందకి దూర్చే స్కేల్స్ తరవాత, సప్తకాలు అన్నిటికన్నా చివర. నొప్పి పెరిగితే రెండు మెట్లు వెనక్కి. ఇంట్లో తడిబట్టలు పిండటం, నిండు కుక్కరు ఒంటిచేత్తో ఎత్తడం, ఫోన్‌లో బొటనవేలితో టైపు చెయ్యడం కూడా ఆపాలి.

షోపాన్ పిచ్చి
షాకోన్ మాత్రం చూడండి మేడమ్, మొదటి పేజీ వరకైనా.

విశాఖ ట్యూనర్
మేడమ్, మీ పియానో ఏ కంపెనీది, ఏసీ గదిలో ఉంటుందా? ఈలోగా తేమ మీటరు ఒకటి లోపల పెట్టండి, 45 నుంచి 55 శాతం మధ్య ఉంచండి. పిన్నుల పని వానాకాలం ముందే చేయించుకుంటే మంచిది.