లీజు 82 ఏళ్లు ఉంది, ఫ్రీహోల్డర్ ఉత్తరం వచ్చింది: సంతకం పెట్టెయ్యమంటారా?

రెడింగ్ నుంచి, 2025 నవంబరు

అందరికీ నమస్కారం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి మూడేళ్లయింది. ఈ మార్చిలో ఇక్కడే రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నాం, నా పేరూ మా ఆవిడ పేరూ కలిపి. ధర 3 లక్షల పౌండ్లు. లీజు మీద 2009 మే అని ఉంది, 99 ఏళ్లు. అంటే ఇంకా 82 పైనే ఉన్నట్టు. గ్రౌండ్ రెంట్, అంటే నేల అద్దె, ఏడాదికి 250.

పోయిన వారం ఫ్రీహోల్డర్, అంటే నేల, బిల్డింగ్ అసలు యజమాని, తరఫున ఉత్తరం వచ్చింది. 7,500 పౌండ్లు కడితే లీజు మళ్లీ 125 ఏళ్లు చేస్తారట, గ్రౌండ్ రెంట్ మాత్రం పాత లీజు గడువు తీరేదాకా ఇప్పటిలాగే ఉంటుందట. 28 రోజుల్లో చెప్పాలట. ఆఫీసులో ఒకాయన, రెండేళ్లు ఓనరుగా ఉంటే గానీ లీజు పెంచమని చట్టప్రకారం అడిగే హక్కు రాదు, వచ్చింది తీసుకో అంటున్నాడు. "అంత పోసి కొన్నావు, అది నీదా కాదా?" అని మా నాన్న ఫోన్లో అడుగుతుంటే ఏం చెప్పాలో తెలీడం లేదు. పెద్దవాళ్లు కాస్త దారి చూపించండి.

క్రాయిడన్ నుంచి

తమ్ముడూ, ముందు ఆ ఉత్తరాన్ని డ్రాయర్‌లో పడెయ్. 28 రోజులన్నది వాళ్లు పెట్టుకున్న గడువు. చట్టంలో అలాంటిదేమీ లేదు.

నాన్నగారికి ఇలా చెప్పు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే కింద నేలలో గజాల లెక్కన మనకూ వాటా రాస్తారు. ఇక్కడ లీజ్‌హోల్డ్ అంటే నేల, గోడలు ఫ్రీహోల్డర్‌వి. మనం కొనుక్కున్నది ఆ ఫ్లాట్‌లో ఇన్నేళ్లు ఉండే హక్కు. ఏడాది గడిస్తే ఏడాది తరుగుతుంది. ఇది ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో ఉన్న మీ ఫ్రెండ్స్‌ని అడిగితే ఇదేం గోల అంటారు, వాళ్లను అడక్కు.

ఆఫీసాయన చెప్పిన రెండేళ్ల రూలు నిన్నమొన్నటిదాకా నిజమే. 2025 జనవరి 31న అది పోయింది. ఇప్పుడు కొన్న మర్నాడైనా అడగొచ్చు, కాకపోతే ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేర్లు ఎక్కి ఉండాలి. మార్చిలో కొన్నామన్నావుగా, రిజిస్ట్రేషన్ పూర్తయిందో లేదో ముందు చూసుకో. ల్యాండ్ రిజిస్ట్రీ సైట్‌లో టైటిల్ రిజిస్టర్ 7 పౌండ్లకు వస్తుంది. మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయా అన్నది మీ ఫ్లాట్ రిజిస్టర్‌లో, ఫ్రీహోల్డర్‌గా ఎవరున్నారు అన్నది ఫ్రీహోల్డ్ రిజిస్టర్‌లో చూసుకోవాలి. గ్రౌండ్ రెంట్ బిల్లు పంపేవాడే ఫ్రీహోల్డర్ అనుకోవద్దు. మధ్యలో మేనేజింగ్ ఏజెంటు ఉంటాడు, ఒక్కోసారి ఫ్రీహోల్డర్‌కూ మనకూ మధ్య ఇంకొకరి హెడ్ లీజు కూడా ఉంటుంది. లీజు పెంచమని మనం పంపే నోటీసు తప్పు మనిషికి వెళ్తే మొదటికొస్తుంది.

నీకున్న హక్కు 1993 నాటి చట్టంలోది. మొదట రాసుకున్న లీజు 21 ఏళ్లు దాటినదైతే చాలు, మిగిలిన ఏళ్ల మీద ఇంకో 90 ఏళ్లు కలిపి ఇవ్వాల్సిందే. గ్రౌండ్ రెంట్ సున్నా అయిపోతుంది. కాగితాల్లో దాన్ని 'పెప్పర్‌కార్న్' అని రాస్తారు, అంటే మిరియపు గింజ. అదీ ఎవడూ అడగడు.

ఇప్పుడు దీని పక్కన ఆ ఉత్తరాన్ని పెట్టి పోల్చి చూడు. వాళ్లిచ్చేది నలభై చిల్లర ఏళ్లు, చట్టం ఇచ్చేది 90. వాళ్ల లెక్కలో నువ్వు 250 చొప్పున ఇంకో 82 ఏళ్లు కడుతూనే ఉండాలి, మొత్తం 20,500. కొత్తగా కలిపిన ఏళ్లకు అద్దె అడగడానికి 2022 చట్టం ఒప్పుకోదు, అందుకే పాత ఏళ్లను పట్టుకుని వేలాడుతున్నారు. రేపు అమ్మబోతే కొనేవాళ్ల లాయరు మొదట అడిగేది ఆ గ్రౌండ్ రెంట్ గురించే.

చట్టప్రకారం అయితే ఎంత పడుతుంది? చేత్తో వేసిన లెక్క చెప్తాను, వాల్యుయర్ (విలువ కట్టే సర్వేయర్) అంకె కొంచెం అటూ ఇటూ ఉంటుంది. రెండు ముక్కలు. ఒకటి, వాళ్లు పోగొట్టుకునే గ్రౌండ్ రెంట్: ఏటా 250ని 6.5 శాతం లెక్కన ఇప్పటి విలువకు తెస్తే 3,800 దగ్గర. రెండోది, లీజు తీరాక (జాగ్రత్తకు ఏడాది తగ్గించి 81 ఏళ్లే అనుకుందాం) తిరిగి వాళ్ల చేతికి రావాల్సిన ఫ్లాట్ విలువ. 3 లక్షలను 5 శాతం చొప్పున 81 ఏళ్లు వెనక్కి తోస్తే 5,750 దగ్గర. ఆ 5 శాతం నేను కల్పించింది కాదు, స్పోర్టెల్లీ అనే కేసులో తీర్పు వచ్చినప్పటి నుంచి ఫ్లాట్లకు వాడుతున్న రేటు. కలిపితే 9,500 చిల్లర. దీనికి మీ సాలిసిటర్, వాల్యుయర్ ఫీజులు, పైగా అవతలి వాళ్ల లాయరు, వాల్యుయర్ ఖర్చు కూడా సబబైనంత మేర మనమే కట్టాలి. చిరాకే, కానీ రూలు అది.

అసలు సంగతి 80. నోటీసు ఇచ్చిన రోజుకు లీజు 80 ఏళ్లు దాటి ఉంటే పై రెండు ముక్కలే. 80కి దిగితే మూడోది వచ్చి చేరుతుంది, మ్యారేజ్ వాల్యూ అంటారు. లీజు పెంచడం వల్ల ఫ్లాట్ విలువ పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలలో సగం వాళ్లకట. ఇదే ఫ్లాట్ 79 దగ్గర ఉందనుకో. పాత లీజుతో దాని ధర 93 శాతం, అంటే 2,79,000 పలుకుతుందనుకుందాం. పై రెండు ముక్కల కింద ఫ్రీహోల్డర్‌కు పోయేది 10,150. మూడు లక్షల్లోంచి ఆ 2,79,000, ఈ 10,150 రెండూ తీసేస్తే 10,850, దాంట్లో సగం 5,425 వాళ్లకు. మొత్తం 15,500 పైన. తేడా రెండేళ్లే.

నేను ఆ గోతిలోనే పడ్డాను. నా లీజు మీద 2001 మార్చి అని ఉంటే, 2100 దాకా అనుకుని నిబ్బరంగా కూర్చున్నాను. 2019 ఏప్రిల్‌లో వాల్యుయర్ రెండో పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు: 'టర్మ్: 1999 సెప్టెంబరు 29 నుంచి 99 ఏళ్లు.' సంతకాలు ఎప్పుడైనా జరగనీ, గడువు ఆ తేదీ నుంచే మొదలు. 80 ఏళ్ల 11 నెలలు అనుకున్నది 79 ఏళ్ల 5 నెలలయింది. అంతకు ముందు సంవత్సరం మొత్తం, సంక్రాంతికి ఇండియా వెళ్లొచ్చాక చూద్దాం, వేసవి సెలవులయ్యాక చూద్దాం అంటూ గడిపాను. ఆ వాయిదాల ఖరీదు నాకు నాలుగు వేల పైచిలుకు పడింది. కొన్నప్పుడు నా లాయరు కూడా ఆ పేజీ చూసినట్టు లేదు, చూసినా నాకు చెప్పలేదు.

కాబట్టి నీ లీజు పీడీఎఫ్ తెరిచి మొదటి రెండు పేజీలు చూడు. ఇక్కడి పాత కౌలు లెక్కల ప్రకారం మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 తేదీల్లో ఏదో ఒకటి కనిపించొచ్చు.

హారో నుంచి

క్రాయిడన్ అన్నయ్య చెప్పనిది ఒకటి. బ్యాంకు సంగతి. చట్టప్రకారం పెంచుకుంటే మీ మార్ట్‌గేజ్ కొత్త లీజు మీదికి దానంతటదే వచ్చేస్తుంది. ఉత్తరంలో చెప్పినట్టు సొంత ఒప్పందం చేసుకుంటే బ్యాంకు ఒప్పుకోవాలి, దానికో డీడ్, దానికో ఫీజు. మాకు అక్కడే రెండు నెలలు పోయాయి.

నోటీసు మీద ఇద్దరూ ఉండాలి బాబూ. మీ ఆవిడ ఇండియాలో ఉన్నా ఫరవాలేదు, 2014 తర్వాత మీ తరఫున సాలిసిటర్ సంతకం పెట్టొచ్చు. కొత్త లీజు మీద సంతకాలకు మాత్రం ఆవిడ ఇక్కడ ఉండేలా చూసుకోండి, లేదంటే పవర్ ఆఫ్ అటార్నీ సంగతి ముందే మాట్లాడుకోండి.

స్లౌ నుంచి

ఒక్క నిమిషం. 2024లో కొత్త చట్టం వచ్చింది కదా? 90 కాదు 990 ఏళ్లు, మ్యారేజ్ వాల్యూ ఎత్తేస్తారు అని. ఫ్రీహోల్డర్లు వేసిన కేసు కూడా పోయిన నెల హైకోర్టులో వీగిపోయింది. ఇప్పుడు తొందరపడి డబ్బు పోసుకోవడం దేనికి?

క్రాయిడన్ నుంచి

తమ్ముడు చెప్పింది నిజమే, చట్టంలో ఉంది. 2024 మే 24న పాసయింది. కానీ రెండేళ్ల రూలు తీసేసిన భాగం వచ్చింది గానీ, 990, మ్యారేజ్ వాల్యూ భాగాలు నేనిది రాసే నాటికి అమల్లోకి రాలేదు. లీజు 75 ఏళ్లే మిగిలినవాడికి ఆగమనే చెప్తాను, వాడికి ఆ సగం వాటా ఎలాగూ తగులుతుంది, ఆగితే లాభపడొచ్చు. 80 పైన ఉండి, గడప దాకా వచ్చినవాడికి చెప్పను. వాడు ఆగితే మిగిలేదేమీ లేదు, చట్టం ఆలస్యమైతే పోయేది ఐదారు వేలు. నీకు పదేళ్లు తీరిక ఉంటే వేరే మాట.

రెడింగ్ తమ్ముడూ, వరస ఇది. ముందు లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ సైట్‌లో క్యాలిక్యులేటర్ ఉంది, ప్రభుత్వ నిధులతో నడిచేది, ఉచితం. తర్వాత లీజు పెంపులు చేసిన సర్వేయర్‌ని పట్టుకో. ఇల్లు కొన్నప్పుడు వచ్చి గోడల్లో తడి చూసి వెళ్లినవాడు కాదు. సాలిసిటర్ కూడా అంతే, ఇదే పని చేసేవాళ్లకు ఏఎల్ఈపీ అని సంఘం ఉంది, అందులో వెతుకు. వాళ్లే సెక్షన్ 42 నోటీసు పంపుతారు. అందులో మన ధర రాయాలి. బేరం కదా అని మరీ వంద పౌండ్లు రాస్తే నోటీసే చెల్లకుండా పోవచ్చు. నోటీసు వెళ్లిన రోజుతో ఏళ్లు ఆగిపోతాయి, ఆ తర్వాత ఎన్ని నెలలు సాగినా లెక్క ఆ రోజుదే. మనం రాసిన ధరలో 10 శాతం, లేదా 250, ఏది ఎక్కువైతే అది డిపాజిట్‌గా అడగొచ్చు.

వాళ్లకు కనీసం రెండు నెలలు ఇవ్వాలి. ఆలోగా వాళ్ల జవాబు, అంటే కౌంటర్ నోటీసు, రాకపోతే మనం రాసిన షరతులతోనే ఇప్పించమని కోర్టుకు వెళ్లొచ్చు. వస్తే అసలు బేరం మొదలు. కౌంటర్ నోటీసు వచ్చిన ఆరు నెలల లోపు తేలకపోతే ఇలాంటి తగాదాలు తేల్చే ఫస్ట్ టైర్ ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టాలి. ఆ తేదీ దాటిందా, నోటీసు పోయినట్టే, వాళ్ల ఖర్చులు మన నెత్తినే, లీజు అప్పటికి ఎంత ఉంటే అంత. నా కేసు ఐదో నెల చివరి వారంలో రెండు ఈమెయిల్స్‌తో తేలింది. సాలిసిటర్ గుర్తుపెట్టుకుంటాడులే అనుకోకుండా ఆ తేదీని నీ ఫోన్‌లో కూడా పెట్టుకో.

హారో నుంచి

మీ బిల్డింగ్‌లో ఎన్ని ఫ్లాట్లు? సగం మంది కలిస్తే ఫ్రీహోల్డే కొనొచ్చు. మాది మూడు ఫ్లాట్ల ఇల్లు, ముగ్గురం కలిసి కొని లీజులు 999 చేసుకున్నాం. పెద్ద బ్లాకుల్లో సగం మందిని పోగేయడమంటే పెళ్లి పనే అనుకోండి.

రెడింగ్ నుంచి

అన్నా, అక్కా, థాంక్స్. మాది 64 ఫ్లాట్ల బ్లాకు, ఎదురింటాయన పేరే తెలీదు, కాబట్టి ఫ్రీహోల్డ్ మాట వద్దు. లీజు తెరిచాను. సంతకాలు 2009 మే. టర్మ్ మాత్రం 2008 మార్చి 25 నుంచి. అంటే 82 పైన కాదు, 81 ఏళ్ల 4 నెలలు. ఇంకోటి, గ్రౌండ్ రెంట్ ప్రతి 25 ఏళ్లకు రెట్టింపు అని ఉంది, కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

క్రాయిడన్ నుంచి

రెట్టింపు అంటే నేను చెప్పిన 3,800 సరిపోదు, ఆ ముక్క పెరుగుతుంది. 2033లో 500 అవుతుంది, తర్వాత వెయ్యి. ఆ ఉత్తరానికి సంతకం పెట్టి ఉంటే అదంతా నువ్వు మోసేవాడివి. ఆ పేజీ ఫొటో వాల్యుయర్‌కు మొదటి ఈమెయిల్‌లోనే పంపు. నీ లీజు 80కి దిగకుండా ఉండే గడువు 2027 మార్చి 24. ఆ రోజుకల్లా కాదు, దానికి ముందే నోటీసు అవతలి వాడి చేతిలో ఉండాలి. ఉగాదికల్లా పంపించెయ్యి, 2026 ఉగాదికి.